గోల్ఫ్ వార్తలో గజాలొక్కటే రాస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆటల పేజీలో గోల్ఫ్ వార్తలు అప్పుడప్పుడు కనిపిస్తున్నాయి, సంతోషం. కానీ వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: ఫలానా ఆటగాడు డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే కర్రతో, మూడు వందల గజాలు బాదాడని. ఆ తర్వాత ఏ క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) తీశాడు, ఎందుకు తీశాడు, దేన్ని తీయకుండా సంచిలోనే ఉంచాడు అన్నది మాత్రం రాయరు. ఆట ఉన్నదే అక్కడ. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి విశాఖ వెళ్ళి ఈ ఆట నేర్చుకుంటున్న పిల్లలున్నారు, రిటైరయ్యాక మొదలుపెట్టిన పెద్దలున్నారు. బలంగా బాదడమే గోల్ఫ్ అన్న అపోహతో వాళ్ళు నెలల తరబడి డ్రైవర్ ఒక్కటే పట్టుకుని చేతులు నొప్పి పెట్టుకుంటున్నారు. అందుకే, ఒక కష్టమైన హోల్‌ను క్లబ్బు ఎంపికతో ఎలా గట్టెక్కాలో లెక్కలతో సహా రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే రెండు భాగాలుగానైనా వేయండి, కత్తిరించవద్దని మనవి. అంకెలు తీసేస్తే ఇందులో మిగిలేదేమీ ఉండదు.

ముందు, ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. గోల్ఫ్ దూరాలు గజాల్లోనే చెబుతారు. ఇంటి స్థలం కొన్న ప్రతివాళ్ళకూ గజం తెలుసు కనుక మనకది సులువే. ఒక హోల్ అంటే టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి గ్రీన్ (గుంటా జెండా ఉండే నున్నని గడ్డి) దాకా ఉన్న దారి. మధ్యలో కోసిన గడ్డి ఫెయిర్‌వే, పక్కన పెరిగిన గడ్డి రఫ్, ఇసుక గుంట బంకర్. సంచిలో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు. వుడ్లు, హైబ్రిడ్లు దూరానికి, ఐరన్లు మధ్య దూరాలకు, వెడ్జ్‌లు దగ్గరికి, పట్టర్ గ్రీన్ మీద దొర్లించడానికి. ఐరన్ నంబరు పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది. క్లబ్బుకూ క్లబ్బుకూ అసలు తేడా రెండింటిలో: కర్ర పొడవు, ముఖం వాలు. డ్రైవర్ కర్ర ఇంచుమించు 45 అంగుళాలు, ముఖం వాలు 10 డిగ్రీల చుట్టుపక్కల. సెవెన్ ఐరన్ కర్ర 37 అంగుళాలు, వాలు 30 నుంచి 34 డిగ్రీలు. శాండ్ వెడ్జ్ వాలు 54 నుంచి 56. వాలు పెరిగేకొద్దీ బంతి ఎత్తుకు లేస్తుంది, దూరం తగ్గుతుంది, వెనక్కి తిరిగే స్పిన్ పట్టి పడ్డచోటుకు దగ్గరలోనే ఆగుతుంది. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. స్వింగులో అదే తప్పు చేసినా, వాలు ఎక్కువున్న క్లబ్బుతో బంతి తక్కువ వంకర పోతుంది. వెనక్కి తిరిగే స్పిన్ బలంగా ఉన్నప్పుడు పక్కకు లాగే స్పిన్ దాన్ని అంతగా మళ్ళించలేదు.

వంకర సంగతి పక్కనపెట్టి, దూరం ఒక్కటే చూసినా లెక్క ఇదే చెబుతుంది. బంతి గురి నుంచి 5 డిగ్రీలు పక్కకు బయలుదేరిందనుకుందాం. 180 గజాల దగ్గర అది గీతకు 16 గజాలు పక్కన ఉంటుంది, 230 గజాల దగ్గర 20 గజాలు పక్కన ఉంటుంది. ఫెయిర్‌వే వెడల్పు 24 గజాలైతే నడిమి గీత నుంచి అటు 12, ఇటు 12 మాత్రమే. ఇరవై గజాలు పక్కకు పోయిన బంతి ఎక్కడుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

క్లబ్బు ఎంచుకోవాలంటే ముందు మన దూరాలు మనకు తెలిసి ఉండాలి. ఎప్పుడో ఒకసారి అద్భుతంగా తగిలిన దెబ్బ దూరం గుర్తుపెట్టుకుని, అదే మన దూరం అనుకోవడం దాదాపు అందరూ చేసే పొరపాటు. గ్రీన్‌కు కొట్టిన బంతులు ఎక్కువగా ముందే పడిపోవడానికి కారణం అదే. ప్రాక్టీసు మైదానంలో ఒక్కో క్లబ్బుతో పది బంతులు కొట్టాలి. అన్నిటికంటే దూరం పోయిన రెండు, దగ్గరే పడిపోయిన రెండు కొట్టివేసి, మిగతా ఆరింటి సగటు నోటుబుక్కులో రాయాలి. బంతి నేలను తాకిన చోటికి కొలవాలి, దొర్లి ఆగిన చోటికి కాదు. గాల్లో పోయిన ఈ దూరాన్నే క్యారీ అంటారు. నీటి మీదుగా దాటించాలంటే పనికొచ్చేది క్యారీ ఒక్కటే. ప్రాక్టీసు బంతులు అరిగి ఉంటే కాస్త తక్కువ పోతాయి, అది కూడా పక్కన రాసుకోవాలి. ఆరు నెలలకొకసారి మళ్ళీ కొలవాలి. వయసు, వాతావరణం, కొత్త బంతులు, అన్నీ అంకెను మారుస్తాయి.

ఇక హోల్. ఒక మామూలు ఆటగాణ్ణి తీసుకుందాం, హ్యాండీక్యాప్ 18, అంటే 18 హోల్స్‌కు కలిపి 18 దెబ్బల తగ్గింపు. అతని దూరాలు ఇవి: డ్రైవర్ 230, త్రీ వుడ్ 205, ఫైవ్ వుడ్ 192, హైబ్రిడ్ 180 (ఈ నాలుగూ కాస్త దొర్లుడుతో కలిపి), ఫైవ్ ఐరన్ 162, సిక్స్ 151, సెవెన్ 140, ఎయిట్ 130, నైన్ 119, పిచింగ్ వెడ్జ్ 105, శాండ్ వెడ్జ్ 80.

హోల్ పొడవు గ్రీన్ నడిమికి 400 గజాలు, పార్ 4 (నిపుణుడికి నాలుగు దెబ్బలు), స్కోరుకార్డు మీద స్ట్రోక్ ఇండెక్స్ 1, అంటే అన్నిటికన్నా కష్టమైనదని లెక్క. ఎడమ పక్క పొడవునా జీడి తోట, దాని ముందు తెల్ల గుంజలు. అవతల పడితే హద్దు దాటినట్టే. కుడి పక్క ఎర్ర గుంజలు పాతిన గెడ్డ, అంటే చిన్న వాగు. టీ నుంచి 180 గజాల దగ్గర ఫెయిర్‌వే 38 గజాల వెడల్పు. 205 నుంచి 250 గజాల మధ్య ఎడమన బంకరూ కుడిన గెడ్డా నొక్కుకొచ్చి అది 24 గజాలకు ఇరుకైపోతుంది. 330వ గజం దగ్గర చెరువు మొదలై 372 దగ్గర ముగుస్తుంది, పసుపు గుంజలు. గ్రీన్ 386 నుంచి 414 వరకు, అంటే 28 గజాల లోతు. జెండా ఆ గ్రీన్ వెనక కుడి మూలలో, దాని పక్కనే ఒక బంకర్.

ఇలాంటి హోల్‌ను టీ నుంచి ముందుకు చూస్తే చేయి డ్రైవర్ మీదికే పోతుంది. గ్రీన్ నుంచి వెనక్కి చూడాలి. మొదటి ప్రశ్న: గ్రీన్‌కు ఏ క్లబ్బుతో కొట్టాలని ఉంది? ఈ ఆటగాడికి నిండుగా కొట్టే పిచింగ్ వెడ్జ్ 105 గజాలు, నమ్మకమైన దెబ్బ. అంటే బంతి గ్రీన్ నడిమికి వంద గజాల ఇటువైపు ఉండాలి, టీ నుంచి 295, 300 మధ్య. చెరువుకు ఇంకా ముప్ఫై గజాల దూరం ఉంటుంది, భయం లేదు. అక్కడికి రెండు దెబ్బల్లో రావాలంటే టీ మీద 180 గజాలు చాలు. హైబ్రిడ్. 38 గజాల వెడల్పు దానికి ఎదురుగా ఉంది, ఇరుకు ఇంకా 25 గజాల ముందుంది.

రెండో దెబ్బ దగ్గర ఒక సూక్ష్మం ఉంది, నిదానంగా చూడండి. 180 దగ్గర నిలబడ్డ ఆటగాడు చెరువుకు ముందు ఆపాలని ఎయిట్ ఐరన్ తీస్తే 130 పోయి 310 దగ్గర ఆగుతుంది, 90 గజాలు మిగులుతుంది. తొంభైకి శాండ్ వెడ్జ్ చాలదు, పిచింగ్ ఎక్కువ. సగం స్వింగో ముప్పావు స్వింగో కొట్టాలి, చెరువు మీదుగా. కొత్త ఆటగాళ్ళు బంతిని నీళ్ళలో వేసేది ఎక్కువగా ఈ సగం స్వింగుల్లోనే. క్లబ్బు వేగం చివర్లో తగ్గించేసి బంతి వెనక నేలను తవ్వుతారు. అదే నైన్ ఐరన్ తీస్తే 119 పోయి 299 దగ్గర ఆగుతుంది. 101 మిగిలింది, నిండు పిచింగ్ వెడ్జ్. పదకొండు గజాలు వెనకబడ్డా మూడో దెబ్బ సులువైంది. చెరువుకు ఎంత దగ్గరగా పోతే అంత మంచిదన్న ఆలోచన తప్పు. మనకు ఇష్టమైన దూరం మిగిలేలా ఆపడమే లేఅప్.

మూడో దెబ్బకు గురి జెండా కాదు, గ్రీన్ నడిమి. జెండా వెనక కుడి మూలలో ఉంది, దాన్ని వెంటాడి కుడికి జారితే బంకర్. బంకర్‌కూ జెండాకూ మధ్య గ్రీన్ జానెడే ఉంటే ఇసుకలోంచి వచ్చిన బంతి ఆగేందుకు చోటుండదు. నడిమిలో పడితే రెండు పట్లు (గ్రీన్ మీద పట్టర్‌తో గుంట వైపు దొర్లించే దెబ్బలు), మొత్తం 5. హ్యాండీక్యాప్ 18 అయినవాళ్ళకు ప్రతి హోల్‌కూ ఒక స్ట్రోకు తగ్గింపు ఉంటుంది కాబట్టి ఇక్కడ 5 కొడితే అతని లెక్కలో అది పార్ కిందే లెక్క. హోల్‌కు ఇన్ని పాయింట్లని లెక్కించే స్టేబుల్‌ఫర్డ్ పోటీ అయితే రెండు పాయింట్లు. ఒక్క పట్టుతో దిగితే మొత్తం 4, తగ్గింపు పోగా నికరంగా 3. కార్డు మీద పార్ 4 అని ఉంది కదా అని రెండు దెబ్బల్లో గ్రీన్ ఎక్కాలని ఎవరూ శాసించలేదు.

డ్రైవర్ కొడితే? నిశ్చలంగా ఉన్న ఉదయం, తిన్నగా తగిలి ఇరుకులో 230 దగ్గర ఆగితే 170 మిగులుతుంది. ఫైవ్ ఐరన్ 162 క్యారీ, టీ నుంచి 392. గ్రీన్ మీద ఆరు గజాలు లోపల. బాగా తగిలితేనే ఇది. పది శాతం తక్కువ తగిలితే 146 గజాలు, చెరువు అంచు 142 దగ్గర ఉంది. నాలుగు గజాల మీద బతుకుతున్నాడన్నమాట. హైబ్రిడ్ తీస్తే నీరు దాటుతుంది, కానీ తక్కువ వాలుతో వచ్చిన బంతి 28 గజాల గ్రీన్ మీద ఆగుతుందన్న హామీ లేదు. ఇదంతా మొదటి బంతి ఇరుకులో నిలిచినప్పటి మాట. ఎడమకు పోయి హద్దు దాటితే స్ట్రోకూ దూరమూ రెండూ పోయి, టీ మీద మూడో దెబ్బ కొట్టాలి. కుడికి పోయి గెడ్డలో పడితే ఒక స్ట్రోకు జరిమానా.

మధ్యాహ్నపు ఆట ఇంకో సంగతి. మన తీరంలో తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి పలచగా ఉంటుంది. ఎండ ఎక్కాక సముద్రం నుంచి తిరుగుతుంది. ఆకులు ఆగకుండా ఊగుతూ, జెండా గుడ్డ విచ్చుకుని నిలబడితే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లని లెక్క. గంటకు 16 కిలోమీటర్ల ఎదురుగాలికి దూరం పది శాతం తగ్గుతుందని ఆటగాళ్ళు వేసుకునే లెక్క. అదే వేగంతో వెనక నుంచి వీస్తే అయిదు శాతమే కలుస్తుంది. ఎదురుగాలి తీసుకున్నంత, వెంటగాలి తిరిగి ఇవ్వదు. గాలి చూడటానికి గడ్డి పరకలు నడుము ఎత్తు నుంచి వదిలి చూస్తారు చాలామంది. బంతి పాతిక గజాల ఎత్తుకు లేస్తుంది, అక్కడి గాలి చెప్పేది కొబ్బరి మట్టలు, తాటి మట్టలు. టీ చుట్టూ తోపు ఉంటే నేల మీద గాలే తెలియదు, పైన మాత్రం వీస్తూ ఉంటుంది.

ఈ గాలి ఎదురొచ్చిన రోజున అదే హోల్ లెక్క వేద్దాం. డ్రైవర్ 230 బదులు 207 పోతుంది. 193 మిగిలింది, ఎదురుగాలిలో అది 210 దాటిన దెబ్బ కింద లెక్క. అతని సంచిలో అంత క్లబ్బు లేదు. త్రీ వుడ్ నేల మీది నుంచి నిండుగా తగిలినా అందదు. కాబట్టి డ్రైవర్ కొట్టినా రెండోది లేఅప్పే. 302 దగ్గర ఆపడానికి 95 గజాలు, గాలిలో పిచింగ్ వెడ్జ్. ఇప్పుడు త్రీ వుడ్‌తో మొదలుపెట్టి చూడండి. 185 పోతుంది, ఇరుకుకు ఇరవై గజాల వెనకే ఆగుతుంది. అక్కడి నుంచి ఎయిట్ ఐరన్ గాలిలో 117, అదే 302కు చేరుతుంది. 98 మిగిలింది. పిచింగ్ వెడ్జ్ గాలిలో 95, గ్రీన్ మొదలు దాటి పదకొండు గజాల దగ్గర పడుతుంది. ఆ రోజు జెండా వెనక ఉంటే నైన్ ఐరన్ తీసినా నడిమి దాటి తొమ్మిది గజాలు, అదీ గ్రీన్ మీదే. అంటే డ్రైవర్ కొట్టినవాడు సంపాదించిందల్లా లేఅప్‌కు ఎయిట్ ఐరన్ బదులు పిచింగ్ వెడ్జ్. దానికోసం జీడి తోటనూ గెడ్డనూ బంకర్‌నూ పణంగా పెట్టాడు. ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి చూపిస్తే పదిహేనేళ్ళ కుర్రాడికి కూడా విషయం తలకెక్కుతుంది.

ఎదురుగాలిలో గట్టిగా కొట్టకూడదు. గట్టిగా కొడితే స్పిన్ పెరిగి బంతి పైకి లేచి అక్కడే నిలిచిపోయినట్టు కిందికి దిగుతుంది. ఒకటో రెండో నంబర్లు పెద్ద క్లబ్బు (అంటే ఎక్కువ దూరం పోయేది, అంకె మాత్రం చిన్నది) తీసి, పట్టు ఒక అంగుళం కిందికి దించి, బంతిని కుడి పాదం వైపు కొంచెం జరిపి, ముప్పావు స్వింగుతో నిదానంగా కొట్టాలి. తేమ గురించీ ఒక మాట. తీరంలో గాలి తేమతో బరువెక్కి బంతిని ఆపేస్తుందని గట్టిగా నమ్మేవాళ్ళున్నారు. నీటి ఆవిరి పొడి గాలికన్నా తేలిక, తేమ గాలి నిజానికి కాస్త పలచన. దూరం తగ్గించేది చెమట పట్టి జారే పట్టు, తడిసిన బంతి. రెండు చిన్న తువ్వాళ్ళు ఉంచుకోవాలి, ఒకటి చేతులకు, ఒకటి క్లబ్బు ముఖానికి.

నేల మాటా వినాలి. వానాకాలంలో బంతి పడ్డచోటే కూరుకుంటుంది, వుడ్లకు దొర్లుడు లెక్క తీసేయాలి. మే నెలలో ఎండి గట్టిపడ్డ నేల మీద హైబ్రిడ్ పదిహేను, ఇరవై గజాలు అదనంగా దొర్లుతుంది. ఉదయం హైబ్రిడ్ సరైన క్లబ్బు అన్నది వేసవిలో ఫైవ్ ఐరన్ అవుతుంది, లేకపోతే ఇరుకు అంచు దాకా తనంతట తానే దొర్లిపోతుంది. 2006 బ్రిటిష్ ఓపెన్ హోయ్‌లేక్‌లో జరిగినప్పుడు నేల ఇలాగే ఎండి ఉంది. టైగర్ వుడ్స్ నాలుగు రౌండ్లలో డ్రైవర్‌ను ఒకే ఒక్కసారి తీశాడు, మిగతా అంతా ఐరన్లు, ఫెయిర్‌వే వుడ్లు. బంకర్లకు ఇటుపక్కనే బంతిని ఆపుకుంటూ, గ్రీన్‌కు పొడవాటి ఐరన్లు కొట్టడానికి ఒప్పుకుని, 18 అండర్‌తో (పార్ కన్నా 18 దెబ్బలు తక్కువతో) గెలిచాడు. డ్రైవర్ దూరంలో ప్రపంచంలో ముందు వరసలో ఉన్నవాడు అతను.

రఫ్‌లో పడితే అసలు దూరం లెక్కే మారిపోతుంది. మన మైదానాల్లో ఉండేది ఎక్కువగా గరిక, ఆటవాళ్ళు బెర్ముడా అంటారు. గరిక రఫ్‌లో బంతి పైన నిలవదు, మధ్యకు దిగిపోతుంది. వంగి చూడండి. బంతి సగం కన్నా పైకి కనబడితే హైబ్రిడ్ గడ్డిని చీల్చుకుని పోగలదు. పైభాగం మాత్రమే కనబడితే నైన్ ఐరన్ కన్నా పెద్దది తీయకూడదు. పొడవైన ఐరన్ మెడకు గడ్డి చుట్టుకుని ముఖం ఎడమకు మూసుకుపోతుంది, బంతి ఇరవై గజాలు పోయి మళ్ళీ గడ్డిలోనే పడుతుంది. మూడో రకం మోసకారి: గడ్డి పలచగా, బంతి తేలినట్టు ఉంటుంది. ముఖానికీ బంతికీ మధ్య గడ్డి రసం చేరి స్పిన్ పట్టదు, సెవెన్ ఐరన్ పది, పదిహేను గజాలు ఎక్కువ పోయి గ్రీన్ మీద ఆగకుండా అవతలికి దొర్లిపోతుంది. అలాంటప్పుడు ఒక నంబరు చిన్న క్లబ్బు తీసి, గ్రీన్ ముందు భాగానికి గురి పెట్టాలి. గరిక మొగ్గిన వైపు కూడా చూడాలి. గడ్డి మెరుస్తూ కనబడితే మనకు అవతలికి ఒరిగింది, నల్లగా కనబడితే మన వైపుకు. మన వైపు ఒరిగిన గరికలో చిన్న చిప్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే పొట్టి దెబ్బ) కొట్టేటప్పుడు వెడ్జ్ అంచు దిగబడుతుంది, సెవెనో ఎయిటో ఐరన్‌తో దొర్లించడం మేలు.

వాలు నేలల గురించి క్లుప్తంగా, కుడిచేతి వాళ్ళకు. బంతి పాదాలకన్నా ఎత్తుగా ఉంటే ఎడమకు పోతుంది, పట్టు దించి కుడికి గురి పెట్టాలి. పల్లంగా ఉంటే కుడికి పోతుంది. ఎగువకు ఎక్కే వాలు మీద బంతి ఎత్తుకు లేస్తుంది, పెద్ద క్లబ్బు తీయాలి. దిగువ వాలు మీద తక్కువ ఎత్తులో పోయి ఎక్కువ దొర్లుతుంది. గ్రీన్ మన కన్నా పది గజాల ఎత్తులో ఉంటే ఇంచుమించు పది గజాలు, అంటే ఒక క్లబ్బు కలపాలి.

జరిమానా పడ్డాక కూడా క్లబ్బు ఎంపిక ఉంటుందని చాలామందికి తెలియదు. చెరువులో పడిందనుకోండి, పసుపు గుంజలు. ఒక స్ట్రోకు జరిమానాతో రెండు దారులు: ముందు కొట్టిన చోటి నుంచే మళ్ళీ కొట్టడం, లేదా బంతి చెరువు అంచు దాటిన బిందువునూ జెండానూ కలిపే గీత మీద వెనక్కి పోయి డ్రాప్ చేయడం, అంటే బంతిని చేత్తో వదలడం. ఎంత వెనక్కి పోవాలన్నది ఆటగాడి ఇష్టం. దాదాపు అందరూ అంచు దగ్గరే, డెబ్బై గజాల దూరంలో బంతి వదిలేసి, మళ్ళీ సగం స్వింగుతో మళ్ళీ నీళ్ళలో వేస్తారు. ముప్ఫై గజాలు వెనక్కి నడిచి వంద దగ్గర మోకాలి ఎత్తు నుంచి వదిలితే నిండు పిచింగ్ వెడ్జ్ చేతికొస్తుంది. ఎర్ర గుంజల గెడ్డ అయితే ఈ రెండింటితోపాటు, బంతి అంచు దాటిన చోటి నుంచి రెండు క్లబ్బుల పొడవులో, హోల్‌కు దగ్గర కాకుండా, పక్కన వదిలే వీలూ ఉంది. తోట వైపు పోయిన బంతి హద్దు దాటిందన్న అనుమానం ఉంటే వెతకడానికి వెళ్ళకముందే, ఇది ప్రొవిజనల్ (తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టాలి. వెతకడానికి మూడు నిమిషాలే గడువు.

మరో నియమం, పిల్లలకు తప్పక చెప్పాల్సినది. పోటీలో ఎదుటివాణ్ణి ఏ క్లబ్బుతో కొట్టావని అడగకూడదు. మొత్తం దెబ్బలు లెక్కించే స్ట్రోక్ ఆటలో రెండు స్ట్రోకుల జరిమానా. మన సంచి మోసే క్యాడీని అడగవచ్చు, దూరం ఎంతని ఎవరినైనా అడగవచ్చు. దూరం కొలిచే యంత్రం వాడుకోవచ్చు గాని ఎత్తుపల్లాల లెక్క చెప్పే భాగం ఆపేసి ఉంచాలి. నియమాలే క్లబ్బు ఎంపికను ఆటగాడి సొంత తెలివిగా కాపాడుతున్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎంపిక తప్పితే ఏమవుతుందో 1999 బ్రిటిష్ ఓపెన్ జరిగిన కార్నూస్టీలో అందరూ చూశారు. చివరి రోజు చివరి హోల్‌కు జాన్ వాన్ డి వెల్డ్ మూడు స్ట్రోకుల ఆధిక్యంతో వచ్చాడు, 6 కొట్టినా గెలుపే. టీ మీద డ్రైవర్ తీశాడు. బంతి కుడికి పోయినా అదృష్టం కొద్దీ పొడి నేల మీదే నిలిచింది. అక్కడ వెడ్జ్ తీసి వాగుకు ఇటుపక్క ఆపి, మూడో దెబ్బతో గ్రీన్ ఎక్కి, మూడు పట్లు పట్టినా 6. అతను టూ ఐరన్ తీశాడు. బంతి ప్రేక్షకుల స్టాండుకు తగిలి, వాగు గోడకు తగిలి, వెనక్కి వచ్చి లోతైన గడ్డిలో పడింది. అక్కడి నుంచి వాగులోకి, డ్రాప్ తర్వాత బంకర్‌లోకి. 7తో ముగించి, ప్లేఆఫ్‌లో పాల్ లారీ చేతిలో ఓడిపోయాడు. దీనికి ఎదురు ఉదాహరణ 2007 మాస్టర్స్. జాక్ జాన్సన్ నాలుగు రోజుల్లో ఒక్క పార్ 5 హోల్‌లోనూ రెండు దెబ్బల్లో గ్రీన్ కోసం ప్రయత్నించలేదు. ప్రతిసారీ లేఅప్ చేసి తనకిష్టమైన దూరం నుంచి వెడ్జ్ కొట్టాడు. ఆ పార్ 5లలోనే 11 అండర్ సాధించి టైటిల్ గెలిచాడు. మన అదితి అశోక్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వచ్చింది, కాంస్యానికి ఒక్క స్ట్రోకు దూరం. దూరం కొట్టడంలో ఆమె పోటీలో వెనక వరసలో ఉన్న ఆటగత్తె. మిగతావాళ్ళు చిన్న ఐరన్లు కొట్టే చోట ఆమె హైబ్రిడ్లు, వుడ్లు కొట్టి గ్రీన్ ఎక్కింది.

బలం ఎంత ఉన్నా ఏ అంకెను ఎంచుకోవాలన్నది వేరే విద్య అని మన ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆమదాలవలస ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చారు. పైన ఉన్న ఇద్దరి మొత్తం 242.5. చివరి ప్రయత్నానికి బార్ మీద 137.5 కిలోలు పెట్టించారు, అది లేవలేదు. 135 లేచినా మొత్తం 245 అయ్యేది. ఆ రోజు అక్కడ నిలబడ్డవాళ్ళ నిర్ణయాన్ని ఇక్కడ కూర్చుని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు, ఆమె తెచ్చిన పతకం విలువ ఎప్పటికీ తగ్గదు. వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడలో బార్ ఎత్తే ప్రతి పిల్లకూ తెలిసిన ఆ రెండున్నర కిలోల లెక్కకూ, గోల్ఫ్‌లో ఎయిట్ ఐరన్‌కూ నైన్ ఐరన్‌కూ ఉన్న పదకొండు గజాల లెక్కకూ తేడా లేదని చెప్పడానికే ఇది రాశాను.

ఖర్చు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు ముందు అడిగేది అదే. 14 క్లబ్బులూ కొనక్కర్లేదు. హాఫ్ సెట్ చాలు: ఫైవ్ వుడ్, హైబ్రిడ్, సిక్స్ ఐరన్, ఎయిట్ ఐరన్, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పట్టర్. ఈ ఏడింటితో పైన చెప్పిన హోల్ ఆడి చూడండి. ఫైవ్ వుడ్ 192, ఇరుకుకు ముందే ఆగింది. పిచింగ్ వెడ్జ్ 105, మొత్తం 297. మిగిలింది 103, మళ్ళీ పిచింగ్ వెడ్జ్. డ్రైవర్ సంచిలో లేకపోయినా లోటు తెలియలేదు. నేర్చుకునే మొదటి ఏడాది వెడ్జ్, ఎయిట్ ఐరన్, పట్టర్ మీదే గడిపిన పిల్లలకు స్వింగు కుదురుతుంది. డ్రైవర్‌తో మొదలుపెట్టినవాళ్ళకు బంతిని పైకి లేపాలన్న ఆత్రంలో వెన్ను వెనక్కి వంచే అలవాటు పడుతుంది, అది మాన్పించడానికి రెండేళ్ళు పడుతుంది. ఊళ్ళో ఖాళీ మైదానాల్లో అసలు బంతితో మాత్రం కొట్టనివ్వకండి. 46 గ్రాముల లోపు బరువే అయినా తలకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. చిల్లులున్న ప్లాస్టిక్ బంతులు దొరుకుతాయి, ఇంటి పెరట్లో వాటితో చాలు.

చివరగా మీకు ఒక విన్నపం. గోల్ఫ్ వార్త వేసేటప్పుడు, ఆ రోజు ఆట మలుపు తిరిగిన హోల్ ఒక్కటి తీసుకుని, పక్కన రెండు అంగుళాల చిన్న పెట్టె వేయండి. హోల్ పొడవు, గాలి ఎటు, టీ మీద ఏ క్లబ్బు, ఎంత మిగిలింది, గ్రీన్‌కు ఏ క్లబ్బు, ఎక్కడ పడింది. ఆరు వివరాలు. ఇరుకు ఎక్కడుందో, నీరు ఎక్కడుందో చూపే చిన్న గీత బొమ్మ ఉంటే మరీ మంచిది. ఆటగాళ్ళు మైదానం దిగగానే మీ విలేకరి అడగాల్సిన ప్రశ్న ఒకటే: అక్కడ డ్రైవర్ ఎందుకు తీయలేదు?

ఇట్లు,
గోల్ఫ్ నేర్పే ఒక పాఠకుడు,
విజయనగరం